జమీందారు కోరిన వాటా

అడవి అంచున ఒక జమీలో, అచ్చియ్యమ్మ అనే వడ్రంగుల ఇంటి ఆడమనిషి ఆవిరితో నడిచే కోతమిల్లు పెట్టింది. ఎద్దు లాగకుండా, మనిషి చెయ్యి పడకుండా రంపం దుంగల్ని కోసేస్తుంటే, ఆ వింత చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేవి.

ఒకనాడు జమీందారే పల్లకీ దిగాడు. కళ్లప్పగించి చూసి, అందరిముందూ అన్నాడు: "నా జమీలో వింత ఏదైనా నాదే. కానీ ఆడకూతురివి, మొత్తం లాక్కోను. ఇందులో అసలు పని చేసేదేదో అదొక్కటే పట్టుకుపోతాను. మిగతాది నీదే."

అచ్చియ్యమ్మకు తెలుసు, ఏ ముక్క పోయినా మిల్లు మూలపడుతుంది.

"పనిచేసేది రంపమేనా?" అన్నాడాయన.

"దాన్ని ఈ తోలుపట్టా లాగుతుంది బాబూ."

"పట్టాని?"

"చక్రం."

"మరి చక్రాన్ని?"

ఆమె పొయ్యి మీది బాన వైపు చెయ్యి చూపింది. "తమరి దగ్గర దాపరికమెందుకు? ఈ ఇనప బానలో ఉన్న ఆవిరి బాబూ. అది లేకపోతే ఇదంతా ఉత్త ఇనుము."

"అయితే ఆ ఆవిరే నాది!"

"మిగతాది నాదేగా?"

"నీదే. నా మాటకు తిరుగులేదు."

"చిత్తం" అని అచ్చియ్యమ్మ బాన మీది మర తిప్పింది. బుస్సుమంటూ తెల్లటి ఆవిరి లేచి, చెట్ల మీదుగా తేలిపోసాగింది.

"అదిగో బాబూ, తమరి సొత్తు! బోయీల్ని పట్టుకోమనండి."

బోయీలు నోళ్లు తెరిచి ఆకాశంకేసి చూశారు. జమీందారూ చూశాడు. ఆయన మాట అంతమందీ విన్నారు మరి! తిరిగి పల్లకీ ఎక్కాడు.

అచ్చియ్యమ్మ బానలో నీళ్లు పోయించి, పొయ్యిలోకి రంపపుపొట్టు ఎగదోసింది. పొద్దు వాలకముందే రంపం మళ్లీ దుంగలోకి దిగింది.