దీపాల జీవి

సముద్రం అడుగున ఇంకో దీపాల జీవి చిరిగిపోయింది. వారిజకి ఏడుపొక్కటే తక్కువ.

ఎండ పొడ ఎరగని లోతది. అక్కడికి ఓ యంత్రాన్ని తీగ కట్టి దించుతారు. పైన పరిశోధన ఓడలో కూర్చుని, తెర మీద చూస్తూ దాని ఇనప చేతిని ఆడించడం వారిజ పని. ఆ జీవి ఎంత చిత్రమనీ! ఒళ్ళంతా గాజులా ఉంటుంది, లోపల రంగురంగుల దీపాలు వరసగా పరుగెడతాయి. ఇంతవరకూ అలాంటిదాన్ని ఎవరూ చూసింది లేదు. ఇనప వేళ్ళు తగిలితే చాలు, జిగురైపోతోంది. తుపాను వస్తోందనీ, ఈ పూట ఇంకొక్కసారి దించాక ఓడని తీరానికి తిప్పేస్తాననీ కెప్టెన్ చెప్పేశాడు.

వారిజ తన గురువు మొహిద్దీన్ మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఇంతకంటే మెత్తగా పట్టే చెయ్యి ఓడలో ఇంకేదైనా ఉందా అని అడిగింది.

మాస్టారు ఆమెని వంటగదికి తీసుకెళ్ళి, వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, అందులో గుడ్డు కొట్టారు.

"పచ్చసొన చిదక్కుండా తీసివ్వు తల్లీ."

వారిజ రెండు వేళ్ళతో పట్టింది. చిదికిపోయింది. మాస్టారు ఇంకోటి కొట్టారు. ఈసారి ఊపిరి బిగబట్టి, మరీ సుతారంగా పట్టింది. అదీ చిదికింది.

"అయితే ఈ పూట అందరికీ ఆమ్లెట్లే," అన్నాడు వంటాయన దాలినాయుడు.

మాస్టారు నీళ్ళు మార్చి మరో గుడ్డు కొట్టారు. అరచెయ్యి గిన్నె అడుగున వెల్లకిలా ఆనించి ఊరుకున్నారు. ఓడ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. పచ్చసొన జారుకుంటూ వచ్చి ఆయన అరచేతిలో కూర్చుంది.

వారిజ దాన్నే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ఒక్క పరుగున పైకి పోయింది.

యంత్రం అడుగుకి చేరింది. చీకట్లో దీపాలు కనబడేసరికి అందరూ తెర ముందు మూగారు. వారిజ ఇనప చేతిని మడిచేసింది. దొరికినవాటిని పైకి తేవడానికి యంత్రం ముందు బిగించిన గాజుపెట్టె మూత తెరిచి, నీటివాలుకి ఎదురుగా నిలిపి, యంత్రం పంకాలన్నీ ఆపేసి, తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పోతోంది, పట్టవేం అని వెనకనుంచి తోటివాళ్ళ గోల. ఆమె చేతులు మాత్రం కదల్లేదు.

దీపాల జీవి పెట్టె అంచుదాకా వచ్చి ఆగింది. ఆగి, మెల్లగా నీటితోపాటే లోపలికి తేలివచ్చింది. ఒక్క దీపం కూడా ఆరలేదు.

వారిజ మూత వేసింది. ఓడంతా కేకలే. దాలినాయుడు గరిటెతో పళ్ళెం వాయించేశాడు.

"పట్టీసినావు కదమ్మా!"

వారిజ కాదన్నట్టు తలూపింది. కళ్ళనిండా నీళ్ళతో, నవ్వుతో మాస్టారి వైపు తిరిగింది.

"వచ్చింది," అంది.