గుల్లలదిన్నె కొంగు మందిరం: వెల్ల వేయని గోడ కథ

గుల్లలదిన్నె దగ్గర బస్సు దిగి ఉప్పుటేటి గట్టు మీద పది నిమిషాలు నడిస్తే తెల్లని మందిరం ఒకటి కనిపిస్తుంది. గుమ్మం మీది రాతిపలక చదివితే ‘కృపా మందిరము’ అని ఉంటుంది. అయితే ఆ పేరు చెప్పి దారి అడిగితే ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. కొంగు మందిరం అని అడగాలి. అప్పుడు పడవ మీద ఉన్నవాళ్ళు కూడా చెయ్యెత్తి చూపిస్తారు.

లోపలికి వచ్చినవాళ్ళు మొదట చూసేది సిలువను కాదు, తూర్పు గోడను. మందిరమంతా పాలలా తెల్లగా ఉంటుంది. ఏటేటా వెల్ల వేస్తారు. కానీ తూర్పు కిటికీ పక్కన, ఒక చాప పరిచినంత మేర, వట్టి ఇటుక. కొత్తగా వచ్చినవాళ్ళు “అయ్యో, ఇక్కడ మర్చిపోయారే” అంటారు. ఎవరూ మర్చిపోలేదు. ఎందుకు వదిలేశారో తెలియాలంటే తబితమ్మ సంగతి తెలియాలి. నాలుగు తరాలుగా నోటితో చెప్పుకొస్తున్న ఆ సంగతే ఇక్కడ రాయడమైనది.

అప్పట్లో ఈ దిన్నె మీద మందిరం లేదు. సున్నపు బట్టీలు ఉండేవి. ఏటిలో మునిగి గుల్లలు ఏరి, బొగ్గుతో కలిపి బట్టీలో కాల్చి సున్నం చేసుకుని బతికే పాతిక కుటుంబాలు ఉండేవి. వాళ్ళంతా ప్రభువును నమ్ముకున్నవాళ్ళే. ఆదివారం చింతచెట్టు నీడన కూర్చుని పాటలు పాడుకునేవారు. నెలకొకసారి పక్క ఊరి నుంచి పాదిరి జెకర్యా అయ్యగారు పడవలో వచ్చి ప్రభువు బల్ల ఇచ్చేవారు. రొట్టె, ద్రాక్షరసం అందరూ తీసుకునేవారు, తబితమ్మ తప్ప.

తబితమ్మ తొమ్మిదేళ్ళుగా బల్ల తీసుకోలేదు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ఆమె ముఖమూ చూడలేదు. నుదుటి మీది నుంచి గడ్డం కింది దాకా చీర కొంగు లాగి, ఒక్క కుడికన్ను మాత్రం బయటికి పెట్టి తిరిగేది. అన్నం కూడా గోడవైపు తిరిగి తినేది.

కాలిన గుల్ల చూడటానికి చల్లగా ఉంటుంది. దాని మీద నీళ్ళు పడితేనే అది నిప్పు. సున్నం పనివాళ్ళు నీళ్ళు వేళ్ళతో చిలకరిస్తారు. అలా చేస్తే గుల్ల బుసకొడుతూ మెల్లగా విచ్చుకుని పొడి అవుతుంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం తబితమ్మ వంగి గుల్ల సర్దుతుండగా, ఆమె మరిది హనోకు, ఏటి అవతల పడవల పందెం మొదలైపోతుందన్న తొందరలో, చిలకరించాల్సిన నీళ్ళు కుండతో కుమ్మరించాడు. సున్నం పైకి చిమ్మి ఆమె ముఖమంతా పడింది. ఆమె అరిచింది. అతను బెదిరిపోయి, కడుగుదామని ఇంకో కుండ ఎత్తి ముఖాన పోశాడు. ఆ రెండో కుండే ఆమె కొంప ముంచింది. అంటుకుని ఉన్న పొడి ఆ తడికి ఉడికిపోయింది. ఎడమకన్ను పోయింది. చెంప ముడుచుకుపోయింది.

జనం పరుగెత్తుకొచ్చేసరికి హనోకు అన్న మాట ఇది: “వదినే నీళ్ళు పోసుకుంది. నేను అప్పుడే వచ్చా.”

తబితమ్మ ఆ మాట విన్నది. నోరు విప్పలేదు. పెనిమిటి అప్పటికే ఏటి పోటులో పడవ తిరగబడి పోయాడు. ఆమెకు ఉన్న నీడ అత్త లేయమ్మ ఇల్లు ఒక్కటే. ఆ ఇంటికి మిగిలిన కొడుకు హనోకు. చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పకుండా మింగింది. మింగినది అరగలేదు. ఆ రోజు నుంచి మరిదితో మాట లేదు, అతను తెచ్చిన నీళ్ళు ముట్టలేదు. ఆ తర్వాత వేరే ఊరి ముసలి సున్నం పనాయన ఒకడు ఆమె కట్టు విప్పుతూ చెప్పాడు: “ముందు పొడిగుడ్డతో తుడవాలమ్మా. పొడంతా రాలిపోయాక అప్పుడు కడవలకు కడవలు నీళ్ళు పొయ్యాలి. ఆ వేళకి ఒక్క పొడిగుడ్డ దొరికి ఉంటే నీ ముఖం నీకుండేది.” తొమ్మిదేళ్ళూ ఆ ఒక్క మాట ఆమె లోపల తిరుగుతూనే ఉండేది.

అయ్యగారు బల్ల దగ్గర అడిగేవారు, “రావమ్మా తబితమ్మా.”

“లోపల కుళ్ళు పెట్టుకుని చెయ్యి చాపమంటారా అయ్యగారూ?”

“ఆ కుళ్ళేదో ఆయన ముందు పెట్టు.”

“ముఖమే పెట్టలేకపోతున్నా. కుళ్ళేం పెట్టను?”

అలా ఉండగా దిన్నె మీద మందిరం కట్టుకున్నారు. ఇటుక ఒకరు మోశారు, కలప ఒకరు ఇచ్చారు. సున్నం మాత్రం తబితమ్మ బట్టీది. ఆమె కాల్చినంత తెల్లగా ఎవరూ కాల్చలేరని శత్రువులు కూడా ఒప్పుకునేవారు. ఆదివారం ప్రతిష్ఠ. శనివారం వెల్ల వేయాలి. తెల్లవారగానే అందరూ పనిలోకి దిగారు, ప్రతిష్ఠకని ముందే వచ్చిన అయ్యగారితో సహా. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తున్నారు, మగవాళ్ళు ఈతకుంచెలతో గోడలు పూస్తున్నారు. ఒకరి మీద ఒకరు వెల్ల చిలకరించుకుని నవ్వులాటలు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడవని మనిషి లేడు. తబితమ్మ ఒక్కతే దూరంగా, తూర్పు గోడ బయట, బట్టీ దగ్గర పొడిపొడిగా కూర్చుని ఉంది.

మధ్యాహ్నం కావస్తోంది. మబ్బు పట్టింది. కిటికీ పక్కన చాపంత గోడ మిగిలి ఉంది. సున్నం చాలలేదు. హనోకు గంప పట్టుకుని బట్టీకి వచ్చాడు. వదిన అటు తిరిగి కూర్చుంది. అతనే గుల్ల నింపుకుని నెత్తిన పెట్టుకున్నాడు. అది పాత తాటాకు గంప. పది అడుగులు వేశాడో లేదో అడుగు ఊడిపోయింది. గుల్లా పొడీ కలిసి చెమటతో తడిసిన ముఖం మీద పడ్డాయి.

“అమ్మా! కళ్ళు! నీళ్ళు తేండి, నీళ్ళు!”

మందిరంలో నుంచి జనం కుండలు ఎత్తుకుని పరుగెత్తారు. అందరికంటే ముందు లేయమ్మ, చంకలో నిండు కుండతో.

ఇక్కడ కాసేపు ఆగి తబితమ్మను చూడాలి. ఆమె బట్టీ దగ్గర కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడింది. కుండ వస్తోంది. ఆ కుండ పడితే ఏమవుతుందో దిన్నె మొత్తంలో ఆమె చర్మానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె చేయవలసింది ఏమీ లేదు. ఊరకే ఉంటే చాలు. తన ముఖానికి జరిగింది అతని ముఖానికీ జరుగుతుంది, అదీ కన్నతల్లి చేత్తో. రేపు ఆమెను ఒక్కరూ ఒక్క మాట అనరు. తొమ్మిదేళ్ళుగా అడుగుతున్న న్యాయం కాళ్ళ దగ్గరికి నడిచి వచ్చింది. తర్వాత రోజుల్లో ఆమే చెప్పుకున్నది: “నోరు మూసుకున్నాను. రెండు ఊపిర్లు తీసినంతసేపు మూసుకునే ఉన్నాను. ‘ప్రభువా’ అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. ఆ తర్వాత కాళ్ళు నావి కావు.”

ఆమె పరుగెత్తి లేయమ్మ చంకలోని కుండను ఒక్క తోపు తోసింది. కుండ పగిలింది.

“పొయ్యకండి! నీళ్ళు ఒక్క చుక్క పొయ్యకండి!”

కుండలతో వచ్చినవాళ్ళు ఆగిపోయారు. లేయమ్మ గుండెలు బాదుకుంది. “చంపేస్తోందిరో! నా కొడుకుని చంపేస్తోంది! తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకుని ఇవాళ తీర్చుకుంటోంది!”

“గుడ్డ! పొడిగుడ్డ ఇవ్వండి!” అంది తబితమ్మ.

అందరూ ఒకరి బట్టలు ఒకరు చూసుకున్నారు. పంచె తడి, చీర తడి, తలగుడ్డ తడి. ఆ దిన్నె మీద ఆ క్షణాన పొడిగా ఉన్న బట్ట ఒక్కటే.

ఆమె తన ముసుగు లాగేసింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, కొంగు పళ్ళతో పట్టి చర్రున చింపింది. హనోకు తల ఒడిలో పెట్టుకుని రెప్పల మీద, ముక్కు పక్కన, వెంట్రుకల్లో, పొడి రవ్వంత మిగలకుండా తుడిచింది. “కళ్ళు నలిపావంటే చేతులు విరుస్తా” అంది. తొమ్మిదేళ్ళ తర్వాత మరిదితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. అప్పుడు “ఇప్పుడు నీళ్ళు! ఆపకుండా పొయ్యండి!” అంది. రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని, ఇరవై కుండల దాకా పోయించింది.

ఎప్పుడో ఒక కుండ తర్వాత ఇంకో కుండ రాలేదు.

“ఏమయింది? పొయ్యండే!” అని తబితమ్మ తలెత్తింది. ఎవరూ కదలడం లేదు. తూర్పు కిటికీ దగ్గర అప్పటిదాకా వెల్ల వేసినాయన చేతిలో కుంచె జారి కింద పడింది, అతను దాన్ని తియ్యలేదు. అయ్యగారు గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని ఉండిపోయారు. అందరూ ఆమె ముఖాన్నే చూస్తున్నారు.

ముసుగు లేదన్న సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ‘ఇంత భయంకరంగా ఉన్నానన్నమాట నేను’ అనుకుంది. కొంగు కోసం వెతికింది. అది సున్నం మెత్తి నేల మీద పడి ఉంది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

లేయమ్మ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. “చేతులు తియ్యవే తల్లీ.”

“వద్దత్తా. చూడలేరు.”

“చూడలేకపోతున్నాం, నిజమే. అయినా తియ్యవే.”

అప్పుడు ఒడిలో హనోకు కళ్ళు తెరిచాడు. “వదినా, దీపం ఇంత దగ్గర పెట్టావేంటి? కళ్ళు చెదురుతున్నాయి.”

“పట్టపగలు దీపమేంట్రా?” అంటూ ఆమె చేతులు తీసింది.

హనోకు చూశాడు. దీపం కాదు. మబ్బు కమ్మిన ఆ మధ్యాహ్నం వెలుగుతున్నది ఆమె ముఖం. మచ్చ పోలేదు. ఈ ఒక్కటి భక్తులు గుర్తుంచుకోవాలి. ముడుచుకున్న చెంప ముడుచుకునే ఉంది, పోయిన కన్ను రాలేదు. ఆ మచ్చలోనుంచే, తడి గుల్లలోపలి నిగనిగలాగా, తెల్లని కాంతి వస్తోంది. ఎండ గోడ మీద పడి మెరిసిందేమో అన్నవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. కానీ ఆ వేళ ఎండ లేదు. గోడ తెలుపూ కాదు. పచ్చి వెల్ల ఆరేదాకా మసకగానే ఉంటుందని సున్నం పనివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

హనోకు పెద్దగా ఏడ్చాడు. “నేనే పోశాను! ఆ రోజు రెండు కుండలూ నేనే పోశాను! అబద్ధం ఆడాను. అమ్మా, వదిన కాదు, నేనే!”

లేయమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. కోడలి పాదాలు పట్టుకుంది.

“లే అత్తా, మోకాళ్ళు నొప్పి పుడతాయి” అంది తబితమ్మ. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. “ఏం చూస్తున్నారు అయ్యగారూ అలా?”

జెకర్యా అయ్యగారు తల మీది గుడ్డ తీసేశారు. “దేవుడితో మాట్లాడి కొండ దిగి వచ్చిన భక్తుడి ముఖం ప్రకాశించిందనీ, ఆ సంగతి ఆయనకే తెలియలేదనీ ముప్పై ఏళ్ళుగా చదివి వినిపిస్తున్నాను తల్లీ. చదివాను కానీ నమ్మలేదు. ఇవాళ చూస్తున్నాను.”

మరునాడు ప్రతిష్ఠ జరిగింది. తెల్లవారేసరికి ఆ కాంతి లేదు. తబితమ్మ ముసుగు లేకుండా, మచ్చతో, అందరితోపాటు నేల మీద కూర్చుంది. రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వచ్చి హనోకు దగ్గరికి చేరింది. అతను వదినకు ఇవ్వడానికి భయపడ్డాడు. ఆమె చెయ్యి చాపింది. అతని చేతి మీదుగానే తీసుకుని తిన్నది. అప్పుడు తలెత్తి అత్తను, మరిదిని, వరుసలో కూర్చున్నవాళ్ళను చూసి ఉలిక్కిపడి, “అయ్యగారూ, నిన్న మీరు చూసిన వెలుగు ఇదేనా? అందరి ముఖాల మీదా ఉందే!” అన్నదట.

ఆరాధన అయ్యాక మిగిలిన చాపంత గోడకూ వెల్ల పూర్తి చేద్దామని ఎవరో కుంచె తీశారు. తబితమ్మ వద్దంది. “కప్పింది చాలు. ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి.” అందుకే ఆ ఇటుక ఈనాటికీ అలాగే ఉంది. చిరిగిన కొంగు ముక్క కిటికీ పక్కన గాజుపెట్టెలో ఉంది. సున్నం పట్టి బిరుసెక్కిపోయింది.

ఏటా ప్రతిష్ఠ పండుగనాడు వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గర ఒకరి ముఖం ఒకరు తుడుచుకుంటారు. ముందు పొడిగుడ్డతో, ఆ తర్వాతే నీళ్ళతో. ఈ వరుస తప్పకూడదు. ఎవరి ముఖం వాళ్ళు తుడుచుకోవడం ఇక్కడ లేదు. ఒకరితో ఒకరికి మాటలు లేనివాళ్ళు జంటగా నిలబడితే మరీ మంచిదని పెద్దలు అంటారు. అన్నదమ్ములూ తోడికోడళ్ళూ ఏళ్ళ తర్వాత ఇక్కడ ఏడ్చి కలిసిపోవడం ప్రతి ఏడూ చూస్తున్నదే. రోగాలు పోతాయని మందిరం మాట ఇవ్వదు. తబితమ్మ మచ్చే పోలేదు కదా.

ఆమె ఎనభై దాటి బతికింది. ఆ రోజు ముఖానికి ఏమనిపించిందని యాత్రికులు అడిగేవారు. “నా ముఖం మీది వెలుగు సంగతి నాకు తెలియదమ్మా, నేను చూడలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత చెంపకి గాలి తగిలింది. అది తెలిసింది” అనేది.

అందుకే చివరికి అందరూ ఆ వట్టి ఇటుక గోడ దగ్గరికి వస్తారు. తూర్పు కిటికీ తెరిచే ఉంటుంది. ఆడవాళ్ళు ముసుగు, మగవాళ్ళు తలగుడ్డ తీసేసి, ఏమీ అడగకుండా, ఏటి మీది గాలి చెంపకు తగిలేదాకా అక్కడ నిలబడతారు.