టేకు చేపకు ఒక్క ముల్లు, గులాబీకి ఒళ్ళంతా ముళ్ళు

ఒకప్పుడు టేకు చేప తోకకు ముల్లు లేదు. గులాబీ కొమ్మకూ లేదు. టేకు ఇసుకలో దాక్కునేది కూడా కాదు. చాటంత ఒళ్ళు పరుచుకుని నీటి పైనే తేలేది.

సముద్రం ఒడ్డున కొర్లమ్మ ఇల్లు. ఆవిడ పెరట్లో ఒక గులాబీ మొక్క. పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు దడి దాకా వచ్చేవి. టేకు తన పిల్లను వెంటేసుకొచ్చి గులాబీతో కబుర్లాడేది.

కొర్లమ్మ మొగుడు ఎల్లాజీ వేటకెళ్ళే ముందు, ఆవిడ గులాబీలు కోసి గంగమ్మకని నీళ్ళలో వదిలేది. ఆ తర్వాతే వల పడేది.

ఒకరోజు, తేలుతున్న ఎర్రటి పువ్వును చూద్దామని టేకు పిల్ల పైకొచ్చింది. వల పడింది. పిల్ల చిక్కుకుంది. తల్లి తోసి తోసి వల అంచు ఎత్తితే ఎలాగో బయటపడింది.

టేకు తిన్నగా దడి దగ్గరికొచ్చింది.

"ఏమే, నా బిడ్డకే ఎర వేస్తావా? నీ పువ్వు తేలిన చోటే వల ఎందుకు పడుతోంది?"

"ఓసి నంగనాచీ!" అంది గులాబీ. "నేను పూసీ పూయగానే కొర్లమ్మ బుట్టతో దిగుతోంది. నీళ్ళ మీద టపటపా కొట్టి ఆవిడను పిలిచేది నువ్వు కాదూ?"

ఇంతలో కొర్లమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మొక్కకు పోసింది. "ఏటే, ఇంకొక్కటీ పుయ్యలేదా?" అని లోపలికెళ్ళిపోయింది. ఆవిడ మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ గోల భరించలేక గంగమ్మే పోటుతో దడి దాకా వచ్చింది.

"ఎవరి మీద మీ అనుమానం?"

"దీని మీదే!" అన్నాయి రెండూ.

గంగమ్మ నిట్టూర్చింది. "అయితే ముళ్ళు తీసుకోండి. ఎవరి భయానికి తగ్గట్టు వాళ్ళు."

టేకు జానెడు ముల్లు ఒకటి తీసుకుని తోకలో గుచ్చుకుంది. గులాబీ దొరికినన్ని తీసుకుంది.

మర్నాడు కొర్లమ్మ వేలు చీరుకుంది. ఎల్లాజీ మోకాల్లోతు నీళ్ళలో దిగి టేకు తోక తొక్కి, "ఓలమ్మో!" అని గెంతాడు.

అది చూసైనా బుద్ధి వచ్చిందా? లేదు.

"చూడు, ఒళ్ళంతా ముళ్ళు పెట్టుకుంది. తప్పు చేయకపోతే అంత భయమెందుకూ?" అంది టేకు, పిల్లతో.

"ఒక్కటే అయినా ఎంత పొడవో! ఎవరిని పొడవడానికో!" అంది గులాబీ.

అప్పటినుంచే టేకు చేప పిల్లలతో సహా ఇసుక కప్పుకుని, నెత్తిమీది కళ్ళు మాత్రం బయటపెట్టి పైకి చూస్తుంటుంది. గులాబీ ముళ్ళ కొనలు కిందికి వంచి కాచుకునుంటుంది. కొర్లమ్మ మనవరాళ్ళు మాత్రం, వేలికి గుడ్డ చుట్టుకుని పూలు కోస్తూనే ఉన్నారు.