కనుమ గుడిసెలో చల్లారిన పొయ్యి

అనగనగా మంచు కొండల్లో, చలికాలం మొదట్లో, కుంజెస్ అనే మేకల కాపరి ఆడమనిషికి అన్యాయం జరిగింది. చేసింది దిస్కిత్. నోరు తిరక్కపోయినా ఆ పేరు గుర్తుపెట్టుకో నాన్నా, కథ ఆవిడదే.

ఉత్తరాన, మన మబ్బులు కూడా ఎక్కలేనంత ఎత్తున ఉండేది ఆ చోటు. కొండ కింద దిస్కిత్ వాళ్ళు. వాళ్ళకి బార్లీ చేలు, ఆప్రికాట్ చెట్లు. కనుమ అవతల, ఇంకా పైన, కుంజెస్ వాళ్ళు. వాళ్ళకి మేకలు, గుడారాలు, ఈదురుగాలి. అక్కడ పుల్ల మొలవదు. వీళ్ళ గింజలు వాళ్ళకి, వాళ్ళ ఉన్ని వీళ్ళకి.

మధ్యలో, కనుమ మీద, ఒక రాతి గుడిసె. దానికి తాళం లేదు. ఎండాకాలం ఎక్కినవాళ్ళు తలా ఒక బుట్టెడు పిడకలు పెట్టిపోవాలి. మంచులో చిక్కినవాళ్ళు అవి కాల్చుకుని బతకాలి. ఎవరు పెట్టారో ఎవరూ అడగరు.

అప్పుడు దిస్కిత్‌కి ఒక తెలివి పుట్టింది. "వాళ్ళకేమే, మంద నిండా పేడే! నా పేడ నా చేనికి వద్దూ?" అంది పక్కింటామెతో. మొదటి ఏడు సగం బుట్ట పెట్టింది. ఆ తర్వాతి ఏడు పైకి కనపడేలా నాలుగు పిడకలు పెట్టింది. మూడో ఏడు ఖాళీ బుట్టతో కులాసాగా ఎక్కింది. ఆవిణ్ణి చూసి ఊరంతా అదే నేర్చింది. ఇలాంటి తెలివి అంటుకోవడానికి ఎంతసేపు!

ఆ ఏటి చలికాలం పోయి, మంచు కరిగాక, కుంజెస్ ఉన్ని తెచ్చింది. ఏటా తెచ్చే కంబళి మాత్రం తేలేదు. దిస్కిత్ ఊరుకుంటుందా? "ఏమ్మా, చేతులకి బద్ధకం పట్టిందా? నా కంబళేదీ?"

"మగ్గం లేదక్కా. మా అమ్మ ఇచ్చింది, నడుముకి కట్టుకుని నేసేది. చలి మొదట్లో మీ ఊరి నుంచి తిరిగెళ్తుంటే కనుమలో మంచుతుఫాను పట్టుకుంది. పిల్లాడు నీలంగా అయిపోయాడు. మేం పెట్టినవి ముందొచ్చినవాళ్ళకే అయిపోయాయి, గుడిసెలో ఒక్క పిడక లేదు. వీపున ఉన్న మగ్గమే పొయ్యిలో పెట్టాను."

కుంజెస్ చంకలో పిల్లాణ్ణి సర్దుకుంది. "మీ ఊరికే ఏదో పెద్ద కష్టమొచ్చింది అనుకున్నానక్కా. లేకపోతే మీరు పెట్టకుండా ఉంటారా? తెల్లవార్లూ మీ కోసమే దణ్ణం పెట్టుకున్నాను."

చెంప మీద కొట్టినా బాగుండేది.

అప్పుడు దిస్కిత్ పెరట్లో ఆప్రికాట్ చెట్టు కొట్టించింది. అత్తగారు నాటిన చెట్టు. ఆ కర్రతో మగ్గం చేయించి ఇచ్చింది. "ఎందుకక్కా ఇది?" అంటే, "ఊరికే" అంది. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే నోరు, ఆ ఒక్క నిజానికి పెగల్లేదు.

ఆ తర్వాత కుంజెస్ కొత్త మగ్గం మీద మొదటి కంబళి నేసి ఆవిడకే ఇచ్చింది. కప్పుకుంటే ఒళ్ళంతా మంట. తెల్లారగానే దిస్కిత్ బుట్టెడు పిడకలు వీపున వేసుకుంది. ఆ కంబళి మడిచి పైన పెట్టింది. కనుమ ఎక్కి, రెండూ గుడిసెలో పెట్టి వచ్చింది.

ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఒక్కరైనా అడిగితే బాగుండునని, బతికినన్నాళ్ళూ అనుకుంది.

పిడకేమో పొయ్యికి, కంబళేమో కొండకి,
కథేమో కంచికి, నా కన్నేమో నిద్దరికి.