ట్యాంకు చాటు చిట్టి టమాటా

మళ్ళీ లేచావూ? ఇందాకేగా బాల్కనీలోకెళ్ళి కుండీ చూసొచ్చావు! ఆ చెంబు అక్కడ పెట్టు. పెట్టావా? ఇటు రా, ఈ నానమ్మ పక్కన పడుకో. నీ మొక్క ఎక్కడికీ పారిపోదులే. నీలాగే కంగారుపడ్డ ఒక ఇంటివాళ్ళ కథ చెబుతాను, ఊఁ కొడుతూ విను.

అనగనగా, బంగారం, గోదారి కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక డాబా ఇల్లు. ఆ ఇంట్లో నలుగురు మనుషులు. తాతగారు కోటిలింగం, ఆయన భార్య పేరమ్మ, కొడుకు వీర్రాజు, కోడలు మాలక్ష్మి.

కోటిలింగంగారి నాలుకంటే ఊరందరికీ గౌరవం. ఎవరింట్లో పెళ్ళయినా సరే, పప్పు దింపే ముందు వంటవాళ్ళు గరిటెతో కాస్త తెచ్చి ఆయన అరచేతిలో వేసేవాళ్ళు. ఆయన రుచి చూసి చిటికెడు ఉప్పు పడాలంటే చిటికెడే పడాలి. ఇంట్లో కోడలి వంటకీ రోజూ ఏదో ఒక వంక పెట్టేవారు. పాపం, మాలక్ష్మి పొయ్యి దగ్గర నిలబడి పళ్ళు నూరుకునేది.

అలాంటాయనకి ఒక వానాకాలం జ్వరం వచ్చింది. ఇరవై రోజులు కాసింది. ఆ తర్వాత తగ్గింది. తగ్గితే తగ్గింది కానీ, పోతూ పోతూ నోటి రుచి కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవారు.

"ఎలా ఉంది మావయ్యగారూ?" అని మాలక్ష్మి అడిగేది.

"బాగానే ఉందమ్మా" అనేవారు.

ఆ మాట వింటే మాలక్ష్మి గుండె జారిపోయేది. మావయ్యగారు వంక పెట్టకుండా బాగుందన్నారంటే ఇంకేముంది, ఆయనకి ఏమీ తెలియడం లేదన్నమాటే.

డాక్టరుగారు వచ్చి చూశారు. "జబ్బేమీ లేదు. తిండి తినాలి. ఇలాగే ఉంటే మాత్రం మనిషి నిలవడు" అని చెప్పి వెళ్ళారు. అప్పుడు ఆ ఇంటినిండా దిగులు కమ్ముకుంది. మాలక్ష్మి ధ్యాస వంట మీద ఉండేది కాదు. ఒకరోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, ఇంకోరోజు అసలు పడేదే కాదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పేరమ్మా వీర్రాజూ తింటున్నారే గానీ, ఏం తింటున్నారో వాళ్ళకీ తెలియదు.

ఒకనాడు తాతగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు. "మా అమ్మ దడి పక్కన చిట్టి టమాటాలు పెంచేది. రేగుపండంత ఉండేవి. ఒక్కటి కొరికితే చెవుల దాకా జివ్వుమనేది. అవి దొరికితే ఒక ముద్ద తిందును."

ఇంకేం, వీర్రాజు సంతంతా వెతికాడు. కూరలోకి తరుక్కునే పెద్ద టమాటాలు తప్ప చిట్టివి ఎక్కడా లేవు. మరి పెంచాల్సిందే అనుకున్నారు. వీర్రాజు పట్నం వెళ్ళి రెండు రకాల విత్తనాలు పట్టుకొచ్చాడు. ఒకటి గోలీకాయలా గుండ్రంగా కాసే ఎర్ర రకం. రెండోది ఖర్జూరంలా కోలగా కాసే పసుపు రకం. అప్పుడు పేరమ్మ తన పెట్టె అడుగునుంచి ఒక పాత మందు సీసా తీసింది. అందులో బూడిద, బూడిదలో పది గింజలు. "మా అత్తగారి దడి తాలూకు గింజలే ఇవి. ఎన్నేళ్ళవో నాకూ తెలీదు. మొలుస్తాయో లేదో" అంది.

పదీ వేస్తే ఒక్కటే మొలిచింది.

డాబా మీద మూడు కుండీలు పెట్టారు. ముగ్గురూ వాటి చుట్టూ నిలబడ్డారు. అప్పుడు పేరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఇవాళ్టినించి ఈ ఇంట్లో ఎవరూ మొక్కల మాట ఎత్తకూడదు. పూత వచ్చిందనీ అనకూడదు, పిందె పడిందనీ అనకూడదు. నోరు జారితే దిష్టి తగులుతుంది."

నవ్వుతున్నావా? నీ బుగ్గ మీద అంతేసి కాటుక చుక్క ఎందుకు పెట్టేదాన్నంటావ్ మరి! వాళ్ళూ అంతే, సరేనని తలలూపారు. నోళ్ళు కట్టేసుకున్నారు.

నోరు కట్టుకోవచ్చు గానీ మనసు కట్టుకోగలమా? పొద్దున్న మాలక్ష్మి బట్టలారేయడానికి వెళ్ళి చూసేది. అయ్యో, ఎవరైనా నీళ్ళు పోశారో లేదో అనుకునేది. అడుగుదామంటే దిష్టి. బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి మూడు కుండీల్లోనూ పోసేది. మధ్యాహ్నం వీర్రాజు భోజనానికి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కేవాడు. ఎండకి ఆకులు వాలిపోయి కనబడేవి. చచ్చిపోతున్నాయేమోనని బకెట్టెడు పోసేవాడు. సాయంత్రం పేరమ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కేది. వీళ్ళకి ఒక్కరికీ పట్టదు, పాపం మొక్కలు, అని తనూ మూడు చెంబులు పోసేది.

ఎవరికి వాళ్ళు, తాను తప్ప పోసేవాళ్ళు లేరనుకున్నారు. ఇలా నెలా నెలన్నర గడిచింది. మొక్కలు పచ్చగా, ఏపుగా పెరిగాయి. కింద తాతగారు మాత్రం సన్నబడిపోతున్నారు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

మూడు మొక్కలూ పూతకొచ్చిన రోజున పేరమ్మకి కొత్త భయం పట్టుకుంది. ఆ ఒక్క పాత మొక్కకీ ఏమైనా అయితే? పక్కింటి డాబా మీంచి అందరి కళ్ళూ దానిమీదే పడుతున్నట్టు అనిపించింది. అప్పుడు ఆ కుండీని నెమ్మదిగా ఈడ్చుకెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనకాల, ఎండ తగిలే వైపు, ఎవరికీ కనబడకుండా దాచేసింది. ఎవరికీ చెప్పలేదు. దిగుతూ దిగుతూ చివరి మెట్టు మీద కాలు మడతపడింది. చీలమండ బూరెలా వాచిపోయింది. నెల్లాళ్ళు మంచం దిగొద్దన్నారు.

మంచం మీద పడుకుని పైకప్పు వంకే చూస్తూ ఉండేది పేరమ్మ. అక్కడికి సరిగ్గా పైనే ఉంది ఆ కుండీ. నీళ్ళు పోయమని చెబుదామని నోటిదాకా వచ్చేది, మింగేసేది. మూడో కుండీ కనబడక మాలక్ష్మి, మొక్క చచ్చిపోయిందేమో, అత్తయ్యగారు బాధపడి పారేశారేమో అనుకుంది. అడగలేదు. వీర్రాజు, ఎవరో ఎత్తుకెళ్ళారనుకున్నాడు. అతనూ అడగలేదు. ఎంత గట్టి భయమో చూడు.

మొదట ఎర్రవి పండాయి. చూడ్డానికి ఎంత బాగున్నాయో! నిగనిగలాడుతూ, గోలీకాయలకంటే పెద్దగా, ఒకటి రెండు నీరు పట్టి తొక్క పగిలి. మాలక్ష్మి గిన్నెడు కోసి తాతగారి ముందు పెట్టింది. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నారు. "బాగానే ఉందమ్మా" అన్నారు. గిన్నె పక్కకి జరిపేశారు. మాలక్ష్మి వంటింట్లోకి పోయి తనూ ఒకటి కొరికింది. నోరంతా నీళ్ళు, అంతే.

ఆ తర్వాత వారానికి పసుపువి పండాయి. తొక్క పలచన, కండ మెత్తన. కాస్త తీపి తగిలింది గానీ, చిటికెడు పంచదార బిందెడు నీళ్ళలో కలిపినట్టు ఎక్కడో తగిలింది. "ఇదీ బాగానే ఉంది" అన్నారు తాతగారు. ఆ రోజు అన్నం వద్దన్నారు. మర్నాడు గంజి కూడా వద్దని గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడు పేరమ్మ ఇంక ఆగలేకపోయింది. దిష్టి లేదు, గిష్టి లేదు, ఘొల్లుమంది. "అమ్మాయ్! ట్యాంకు వెనకాల ఉందే అది! నేనే దాచాను! నెల్లాళ్ళయిందే నీళ్ళు పోసి!"

మాలక్ష్మి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. వెనకాలే వీర్రాజు పరిగెత్తాడు. ట్యాంకు చాటున మొక్క ఉంది. కింది ఆకులు ఎండిపోయాయి, పై ఆకులు ముడుచుకున్నాయి. మూడు నాలుగు రోజులకోసారి ట్యాంకు నిండి పొర్లినప్పుడు పడ్డ చుక్కలతో ఎలాగో ప్రాణం నిలుపుకుంది. దానికి రేగుపళ్ళంతేసి పండ్లు మూడంటే మూడే ఉన్నాయి.

మొదటిది చూస్తే, ఉడత సగం కొరికేసింది. రెండోది మాలక్ష్మి కొయ్యబోతే, కంగారులో చేజారింది. దొర్లుకుంటూ దొర్లుకుంటూ వాన నీళ్ళు పోయే తూములోంచి కింద వీధిలో పడింది. మూడోదాన్ని వీర్రాజు రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడితే, ఆ దోసిట్లోకి కోసింది. ఉడత తిన్న సగాన్నీ కొంగున కట్టుకుంది.

పేరమ్మ కూడా కుంటుకుంటూ వచ్చింది. ముగ్గురూ తాతగారి మంచం చుట్టూ చేరారు. ఆయన నీరసంగా నవ్వారు. "ఇదీ బాగానే ఉంటుందిలే" అని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కొరికారు. పేరమ్మ మంగళసూత్రం కళ్ళకద్దుకుంది. అప్పుడు ఆయన నాలుక టక్కుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కాస్త అన్నం పెట్టమ్మా" అన్నారు.

మాలక్ష్మి గబగబా చారన్నం కలిపి తెచ్చింది. తాతగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మొహం ముడుచుకుపోయింది. ముగ్గురికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మాయ్! ఏవిటీ చారు? ఉప్పేదీ ఇందులో?"

మాలక్ష్మి వేలితో తీసుకుని నాలిక్కి రాసుకుంది. నిజమే, ఉప్పు లేదు. అక్కడే చతికిలబడి నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కాపరానికొచ్చాక ఇన్నేళ్ళలో మావయ్యగారు పెట్టిన వంక ఒక్కటైనా అంత కమ్మగా వినబడలేదు ఆవిడకి. పరిగెత్తుకెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. తాతగారు కంచం ఖాళీ చేశారు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ బయటపెట్టారు. నేను పొద్దున్న పోసేదాన్ని అని ఒకరు, నేను మధ్యాహ్నం అని ఒకరు, సాయంత్రం నేనే పోశాను అని ఒకరు. తాతగారు నుదురు కొట్టుకున్నారు. "మూడు పూటలా ముంచేస్తే పండులో నీళ్ళు కాక ఇంకేముంటాయి? మొక్కకి కాస్త దాహం తెలియాలి. మధ్యాహ్నం ఎండకి వాలిన ఆకు చల్లబడ్డాక తనే లేస్తుంది. మట్టిలో వేలు పెట్టి చూడండి, లోపల పొడిగా ఉంటేనే పోయండి. పోసేముందు ఒకర్నొకరు అడిగి చావండి!" అన్నారు.

అలాగే చేశారు. మలి కాపుకి ఎర్రవి పులుపెక్కి పచ్చడికి బాగా కుదిరాయి. పసుపువి ఊరికే నోట్లో వేసుకోవడానికి తియ్యగా వచ్చాయి. ఎన్ని చేసినా, చెవుల దాకా జివ్వుమనేది మాత్రం పాత రకమే. ఉడత కొరికిన సగంలో గింజల్ని పేరమ్మ బూడిదలో కలిపి మందు సీసాలో దాచింది. ఆ ఊరివాళ్ళు అడిగి అడిగి పట్టుకెళ్ళారు. అలా చేతులు మారి మారి, ఒక నాలుగు గింజలు మా పెట్టెలోకీ వచ్చాయి. నీ కుండీలో ఉన్నది అదేనే, పిచ్చితల్లీ.

ఏమిటా చూపు? పొద్దున్న నువ్వు పోశావా? ఊఁ. నువ్వు బడికెళ్ళాక మీ నాన్న కూడా చెంబు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళడం నేను చూశాను. ఇంక నేను... ఎవరితోనూ అనకు. సాయంత్రం నేనూ ఒక చెంబు పోశాను. ఏం చెయ్యను, ఆకు వాలితే నాకూ భయం వేసింది. రేపు పొద్దున్నే ముగ్గురం కలిసి మట్టిలో వేలు పెట్టి చూద్దాం. ఈ పూటకి దాని దాహం దాన్ని పడనీ.

కథేమో కంచికి,
చెంబేమో గూటికి,
పండేమో కంచానికి,
పాపేమో మంచానికి!