నాలుగంకెలకే ఆరిపోయే కంప్యూటరు

నూకరత్నం బిగించిన కొత్త కంప్యూటరు నాలుగంకెలు లెక్కపెట్టేలోగా ఆరిపోతోంది.

బటన్ నొక్కగానే లోపల ఫ్యాను గిర్రున తిరిగేది. చిన్న నీలం లైటు వెలిగేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే, టప్పున ఆరిపోయేది. కాసేపాగి మళ్లీ నొక్కితే మళ్లీ అదే వరస. తెర మీద ఒక్క అక్షరం పడేదాకా కూడా ఓపిక పట్టేది కాదు.

ఇది కాకినాడ మెయిన్ రోడ్డులో, ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉన్న వీరరాఘవులు గారి రిపేరు షాపులో జరిగింది. వీరరాఘవులు గారు మొదట్లో రేడియోలు బాగుచేసేవారు. తర్వాత టీవీలు వచ్చాయి, టీవీలు బాగుచేశారు. కంప్యూటర్లు వచ్చాక, "వీటి లోపల పారేదీ కరెంటేగా" అని వాటినీ పట్టుకున్నారు. ఊళ్లో సగం మంది మెకానిక్కులు ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్లే. అయితే ఆయన పాఠం చెప్పగా విన్నవాడు ఒక్కడూ లేడు. ఏదైనా అడిగితే "చూడు" అనేవారు. మళ్లీ అడిగితే "ఇంకా చూడు" అనేవారు. మూడోసారి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా చేరినవాళ్లు చాప మీద కూర్చుని కీబోర్డుల దుమ్ము దులపాలి. పని వచ్చిందని గురువుగారికి తోచిన రోజున విడి భాగాలన్నీ ఇచ్చి, "బిగించు" అంటారు. మూడు రోజులు గడువు. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. మూడో రోజు దీపాలు పెట్టేవేళకి ఆ మిషను ఒక పూటైనా ఆగకుండా నడిచి ఉండాలి. నడిస్తే గోడవారన ఆ మనిషికంటూ ఒక బల్ల వేస్తారు. నడవకపోతే ఇంకో ఏడాది చాప మీదే.

గోడవారన అప్పటికి ఏడు బల్లలున్నాయి. ఏడూ మగవాళ్లవే. రత్నం రెండేళ్లుగా చాప మీద ఉంది. ఇన్నాళ్లకి ఆమె వంతు వచ్చింది. వాళ్లమ్మ ఆనందం పట్టలేక "మా అమ్మాయికి బల్ల వస్తంది" అని జగన్నాథపురంలో తమ వీధి వీధంతా చెప్పేసింది. ఇక ఓడిపోయి ఇంటికెళ్లే దారి కూడా మూసుకుపోయినట్టే.

అందుకే మొదటి రోజు రత్నం తలంటు పోసుకుని, అమ్మ ఇచ్చిన కుంకుమ భరిణె, గంధం, పసుపు పట్టుకుని మరీ వచ్చింది. కొత్త మిషనుకి బొట్టు పెట్టడం ఆ షాపులో మామూలే. రత్నం శ్రద్ధ ఇంకో మెట్టు పైన. గంధం పసుపు చిక్కగా కలిపి, మిషను ప్రాణం మొదలయ్యేది ఇక్కడే కదా అని, సరిగ్గా పవర్ బటన్ మీదే పెసరగింజంత బొట్టు పెట్టింది. పైన కుంకుమ అద్దింది. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, బటన్ నొక్కింది.

నాలుగంకెలకే ఆరిపోయింది.

రత్నం మొదట కంగారు పడలేదు. పనిమంతురాలు, పైగా ఆ సంగతి తనకి తెలుసు. ర్యామ్ తీసి మళ్లీ గుచ్చింది. ప్రాసెసర్ విప్పి, వేడి లాగడానికి రాసిన పాత పేస్టు తుడిచి, కొత్త పేస్టు రాసి బిగించింది. ప్రతి వైరూ పీకి పెట్టింది. పవర్ సప్లై మీద అనుమానం వచ్చి వేరేది వేసింది. ఒక్కో మార్పు చేశాక మళ్లీ కాస్త బొట్టు పెట్టి, నొక్కి, వెంటనే పక్క తలుపు తీసి ఉన్నచోట తల దూర్చి లోపలికి చూసేది. ఏ భాగం ముందు చచ్చిపోతోందో పట్టుకోవాలని ఆమె పంతం.

ఏదీ ముందు చచ్చిపోవడం లేదు. అన్నీ కలిసికట్టుగా ఆరిపోతున్నాయి.

రెండో రోజు మిషను మొత్తం విప్పి, మదర్‌బోర్డుని క్యాబినెట్ డబ్బాలోంచి తీసి ఒక అట్టపెట్టె మీద పరిచింది. బటన్ వైరు తగిలించాల్సిన రెండు పిన్నులకీ స్క్రూడ్రైవర్ మొన ఒక్క క్షణం ఆనించింది. బోర్డుకి ప్రాణం వచ్చింది. నాలుగంకెలు దాటాయి. నలభై దాటాయి. గంటసేపు నడిచింది. రత్నం గంతేసినంత పని చేసింది.

"అయితే దోషం క్యాబినెట్‌దేనండి! లోపల ఎక్కడో ఇనుము తగులుతోంది" అని గట్టిగా ప్రకటించింది.

బోర్డు కింద కాగితం వాషర్లు వేసి మళ్లీ క్యాబినెట్‌లో బిగించింది. బొట్టు పెట్టింది. నొక్కింది. నాలుగంకెలు.

కోపమొచ్చి ఆ క్యాబినెట్‌ని పక్కన పడేసి, గోడౌన్ నుంచి ఇంకో క్యాబినెట్ తెచ్చింది. సీలు తీయని పెట్టె, వేరే కంపెనీది. కొత్తది కాబట్టి దానికీ మళ్లీ గంధం, పసుపు, కుంకుమ. నిమ్మకాయ కూడా. నొక్కింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మూడో బల్ల బుల్లిరాజు తన పని ఆపి చూస్తున్నాడు. మనసులో కల్మషం లేనివాడే, నోరే ఊరుకోదు.

"దిష్టి తగిలినట్టుందే రత్నం. బొట్టు చాల్లేదేమో" అన్నాడు.

నవ్వులాటకే అన్నాడు. రత్నం నవ్వలేదు. అప్పటి నుంచి బొట్టు పెద్దదవుతూ వచ్చింది. మొదటి రోజు పెసరగింజంత ఉన్నది మూడో రోజు పొద్దుటికి రూపాయి బిళ్లంత అయింది. మిషను మాత్రం ఆ భక్తికి కరగలేదు.

ఇన్ని రోజులూ వీరరాఘవులు గారు తన కుర్చీలో కూర్చుని ఒక పాత రేడియోకి తీగలు అతుకుతున్నారు. తలెత్తి చూసినట్టే లేదు.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు షాపు ఫోను మోగింది. దగ్గర్లో ఉన్న రత్నమే ఎత్తింది. అవతల ఎవరో ట్యూషన్ మాస్టారు, గాభరాగా ఉన్నాడు.

"తెర బిగుసుకుపోయిందండి. మౌస్ కదలట్లేదు. ఏం నొక్కినా ఉలకదు పలకదు. ఎలా ఆపాలండి దీన్ని?"

రత్నం కళ్లు తన మిషను మీదే ఉన్నాయి. నోటికొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఏం లేదండి. పవర్ బటన్ వేలితో నొక్కి అలాగే పట్టుకోండి. నాలుగంకెలు లెక్కపెట్టండి. అదే ఆరిపోద్ది."

ఫోను పెట్టేసింది. కుర్చీలో వీరరాఘవులు గారు టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపారు. ఆయన మీసాలు కాస్త కదిలాయి. నవ్వారో, టీ వేడిగా ఉందో తెలీదు.

రత్నం ఆయన ముందుకెళ్లి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం దించలేదు.

"గురువుగారూ, ఆ మదర్‌బోర్డు పుట్టుకతోనే చెడ్డదండి. ఇక నేను చెయ్యగలిగింది లేదు. ఈ మిషనులో నేను విప్పని స్క్రూ లేదు, నేను చూడని చోటు ఒక్కటీ లేదండి."

షాపంతా చేతులాపి చెవులొగ్గింది. వీరరాఘవులు గారు గ్లాసు కింద పెట్టారు. ఆమె ముఖం చూశారు. మిషను వైపు చూశారు. తర్వాత ఆమె చేతుల వైపు చూశారు.

"చేతులు కడుక్కుని రా అమ్మా" అన్నారు.

"అన్నం తరవాత తింటానండి."

"అన్నానికి కాదు."

అని మళ్లీ రేడియో ముందుకు లాక్కున్నారు.

రత్నానికి ఒళ్లు మండిపోయింది. మూడు రోజులుగా తిండీ నిద్రా లేకుండా చస్తుంటే, ఈయన చేసిన సాయం చేతులు కడుక్కోమనడమా? అయినా గురువు మాట. వెనక వరండాలో కొళాయి దగ్గరికి విసవిసా వెళ్లి తిప్పింది. నీళ్ల కింద చేతులు పెట్టి కోపమంతా చేతుల మీద చూపిస్తూ రుద్దింది. మట్టి పోయింది. నూనె జిడ్డు పోయింది. ప్రాసెసర్ పేస్టు తాలూకు బూడిదరంగు మరక కూడా పోయింది. తొమ్మిది వేళ్లు తెల్లబడ్డాయి.

కుడి చూపుడువేలు మాత్రం పచ్చగా ఉంది. గోటి చివర ఎర్రగా ఉంది.

ఇంకోసారి రుద్దింది. నీళ్లు పచ్చగా పారాయి. బొటనవేలితో ఒత్తి చూస్తే గంధం ఇంకా జిగురుగా అంటుకుంటోంది. రత్నం ఆ వేలిని అలాగే కళ్ల ముందు పట్టుకుని నిలబడిపోయింది. ఇందాక ఫోనులో తను చెప్పిన మాట తన చెవిలోనే మళ్లీ వినబడింది. నొక్కి అలాగే పట్టుకోండి. నాలుగంకెలు లెక్కపెట్టండి.

కొళాయి కట్టకుండానే లోపలికి పరిగెత్తింది.

"కొళాయి కట్టవే!" అని బుల్లిరాజు అరిచాడు. ఆమె వినిపించుకోలేదు.

మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పక్క తలుపు వైపు వెళ్లలేదు. లోపలికి తొంగి చూడలేదు. బటన్ నొక్కి, వేలు తీసి, మూడు రోజుల్లో మొదటిసారి ఆ బటన్‌నే చూసింది.

వేలు వెనక్కి వచ్చింది. బటన్ రాలేదు. చుట్టూ సందులోకి దిగిన గంధంలో కూరుకుపోయి, లోపలే ఉండిపోయింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఫ్యాను ఆగిపోయింది. ఆ తర్వాత, పనంతా అయ్యాక వచ్చే పెళ్లివారిలా, బటన్ తీరిగ్గా బయటికి వచ్చింది.

రత్నం పకపకా నవ్వింది. షాపులో వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పిల్లకి మతి పోయిందనే అనుకున్నారు.

ఆమె బొట్టుకి ఒకసారి దణ్ణం పెట్టుకుని, తడిగుడ్డతో మెల్లిగా తుడిచింది. దూది పుల్లతో బటన్ చుట్టూ సందంతా శుభ్రం చేసింది. దువ్వెన పళ్లలో మురికి తీసినంత ఓపికగా తీసింది. పొడిగుడ్డతో ఒత్తింది. వేలితో నొక్కింది.

బటన్ టిక్కుమని లోపలికెళ్లి, టిక్కుమని బయటికొచ్చింది.

ఫ్యాను తిరిగింది. బుల్లిరాజు తన బల్ల దగ్గరే నిలబడి పైకి లెక్కపెట్టడం మొదలెట్టాడు. "ఒకటి... రెండు... మూడు... నాలుగు..." ఫ్యాను ఇంకా తిరుగుతోంది. "ఐదు!" అని అరిచాడు. "ఆరు!" అన్నప్పటికి మిగతా ఆరు బల్లలవాళ్లూ గొంతు కలిపారు. పదకొండు దగ్గర తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. షాపంతా ఒక్కసారి గోల చేసింది. కింద బట్టల కొట్టువాళ్లు ఏం కొంప మునిగిందోనని మెట్లెక్కి వచ్చారు. కొంప మునగలేదనీ తేలిందనీ వాళ్లకి చెప్పేసరికి ఇంకో ఇరవై అంకెలు దాటాయి. రత్నం రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది. అంత సంతోషం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక కలగలేదు.

కాస్త తేరుకున్నాక గురువుగారి దగ్గరికి వెళ్లింది.

"మీకు ఎప్పుడు తెలిసిందండి?"

"నిన్న. రెండో క్యాబినెట్‌కి కూడా బొట్టు పెట్టావు చూడు, అప్పుడు."

"మరి అప్పుడే చెప్పలేదేంటండి? ప్రాణం పోయినంత పనైందండి నాకు."

వీరరాఘవులు గారు తీగ చివర ఊదుకుంటూ అన్నారు. "చెప్తే బటన్ ఒక్కటే బాగయ్యేది."

రత్నం వెనక్కి వెళ్లి ముందు కొళాయి కట్టేసి వచ్చింది.

మిషను పన్నెండింటికి నడుస్తూనే ఉంది. మూడింటికి నడుస్తూనే ఉంది. రత్నం దాని పక్కనే కూర్చుని అన్నం తింది. బుల్లిరాజు మధ్యమధ్య వచ్చి "ఇప్పుడెంత అంకె?" అని అడిగి పోతున్నాడు. దీపాలు పెట్టే వేళ అయింది. మెయిన్ రోడ్డు మీద లైట్లు వెలిగాయి.

"ఇక ఆపెయ్" అన్నారు గురువుగారు.

రత్నం చెయ్యి చాపింది. తెర మీద రంగులు మెరుస్తున్నాయి, షాపులో అందరూ అటే చూస్తున్నారు. ఆమె మాత్రం తన వేలి కొసని చూస్తూ నొక్కింది. వేలు తీశాక కూడా, బటన్ పూర్తిగా పైకి వచ్చేదాకా కళ్లు తిప్పలేదు. వీరరాఘవులు గారు తెర వైపు చూడలేదు. ఆమెనే చూశారు.

తర్వాత లేచి లోపలి గదిలోకి వెళ్లారు. ఎనిమిదో బల్లని తనే ఈడ్చుకొచ్చి, ఏడో బల్ల పక్కన గోడకి ఆనించి, భుజం మీది తుండుతో ఈ చివర్నుంచి ఆ చివరికి తుడిచారు.

"రేపు పొద్దున్నే ఈ బల్లకి బొట్టు పెట్టుకో అమ్మా" అన్నారు. "ఎంత పెద్దదైనా పరవాలేదు."