ఇల్లుబండి నాలుగో చక్రం

ఓబులుకు ఒకటే బాధ. పెండ్లాం మారెక్క చెప్పకుండా పోయింది.

పొద్దున్నే కొళాయి కాడికి బిందె తీసకపోయింది. బిందె నిండింది, నీళ్లు పొర్లిపోతా ఉండాయి, ఆమె మాత్రం గట్టుకు ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండాది. ఎవరో పిలిస్తే పలకలేదు. అంతే. దినాలు అయిపోయినాయి, ఏడాది తిరిగొచ్చింది, ఓబులు నోట్లో మాత్రం ఆ ఒక్క మాటే నానతా ఉండాది.

"ఒక్క మాట చెప్పలేదు తాతా. నొప్పి అనలేదు, ఆయాసం అనలేదు. దినామూ అడగతానే ఉంటి గదా, ఎట్లుండావే అని. బాగుండా అనేది. రాత్రి దాకా బాగుండా అన్న మనిషి తెల్లారేసరికి ఎట్ల పోతాది? నన్ను పరాయోన్ని చేసి పోయింది."

ఈ మాట అంటాండేది దస్తగిరి తాతతో. ఆయన ఫకీరు. ముందు ఇరవై ఏండ్లు లారీల మీద క్లీనరు. ఒకరోజు లారీ దిగి నడవడం మొదలుపెట్టినాడు, నలభై ఏండ్లు నడస్తానే ఉండాడు. ఎందుకు దిగినావు తాతా అని అడిగితే, "డ్రైవరు మళ్లా ఎక్కమనలేదు" అంటాడు. హిందువులూ పోతారు, తురకలూ పోతారు ఆయన కాడికి. మారెక్క పోయిన నెలకు ఓబులు ఇంటికి తాళం ఏసి ఆయన జోలె పట్టుకున్నాడు. టీ కాస్తాడు, కాళ్లు పడతాడు, ఈ మాట అంటాడు. తాత వింటాడు. టీలో చక్కెర తక్కువైందంటాడు.

ఓబులుకు ఒకతే కూతురు, సుంకులమ్మ. చింతకుంటలో ఇచ్చినారు. అల్లుడు లారీ మీద పోతే పది దినాలకు గానీ ఇల్లు చేరడు. ఆ పిల్ల ఇంట్లో బట్టల మిషను పెట్టుకోని కుడతా ఉంటాది. అచ్చం వాళ్లమ్మ మొకం. అందుకే ఏడాది పొద్దు ఓబులు ఆ గడప తొక్కలేదు. ఆ పిల్లే దినామూ ఫోను చేస్తాది. "ఎట్లుండావు తల్లీ" అంటాడు ఈయన. "బాగుండా నాయనా" అంటాది. వెనక మిషను గిరగిరమని తిరగతా ఉంటాది. సరే అని పెట్టేస్తాడు.

తాతకు మోకాళ్లు పోయినాయి. నడవలేని ఫకీరును చూసి జనానికి కడుపు తరుక్కపోయింది. తలా ఇంత ఏసుకోని ఆయనకు ఒక ఇల్లుబండి చేయించినారు. ఊర్లో ఒకాయన ఇచ్చిన జీపు వెనకాల తగిలించుకొని పోయేది. లోపల మంచం, ఒక మూల పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీకి నీలం పరదా. కింద నాలుగు చక్రాలు. చక్రాల నడిమిన మూతలు ఎంత మెరస్తాయంటే ఓబులు అందులో చూసుకొని మీసం దిద్దుకున్నాడు.

కొండమీద దర్గాలో ఉరుసు. శుక్రవారం మాపటికి గంధం గిన్నె ఎత్తాల. ఏటేటా తాత చేత్తోనే ఎత్తాల. శుక్రవారం పొద్దున్నే బయలుదేరినారు. ఓబులు స్టీరింగు కాడ, తాత పక్క సీట్లో. తాతను కొత్త బండిలో జనం ముందర దించాలని ఓబులు చాతీ ఇంత ఉబ్బింది.

ఎక్కేముందర తాత ఒకటే మాట చెప్పినాడు. "పది మైళ్లకొకసారి ఆపు. దిగి, ప్రతి చక్రం నడిమిన చెయ్యి పెట్టి చూడు."

"కొత్త బండి తాతా! నిన్న గదా షెడ్డు నుంచి వచ్చింది."

"కొత్తదే. చెయ్యి పెట్టి చూడు."

పోతా ఉండారు. నల్లరేగడి చేలు, పొద్దుతిరుగుడు పూలు. అవన్నీ ఒకే పక్కకు తల తిప్పుకొని ఎవరి కోసమో చూస్తాండినట్టు ఉండాయి. కొండల మీద గాలిమరలు తిరగతా ఉండాయి. తెల్లగా, పెద్దగా, నిదరలో చెయ్యి తిప్పినట్టు మెల్లగా. ఎండ ఎట్లుందంటే రోడ్డు దూరంగా నీళ్ల మాదిరి అల్లాడతాది, దగ్గరికి పోతే ఉండదు. తాత సగం నిదర, సగం మెలుకువ. నోట్లో ఏదో కూనిరాగం.

మొదటిసారి ఆపినప్పుడు ఓబులు దిగి నాలుగు చక్రాలూ ముట్టుకున్నాడు. చల్లగా ఉండాయి. నవ్వుకున్నాడు.

రెండోసారి దిగినాడు. బీడీ ముట్టించినాడు. అట్ల ఒకసారి వంగి చూసినాడు. మూతలు మెరస్తానే ఉండాయి. చెప్పుతో టైరును ఒక తన్ను తన్నినాడు. వచ్చి కూర్చున్నాడు.

"చూసినావా అబ్బీ?"

"చూసినా తాతా. బాగుండాయి."

తాత మళ్లా కండ్లు మూసుకున్నాడు. జీపు పోతానే ఉంది. ఎదురుగ్గా ఒక గొర్రెల మంద వచ్చింది, రోడ్డంతా తెల్లగా పారింది. కాపరి గొంగడి కప్పుకొని, ఎవరినీ చూడకుండా, ఆ తెలుపు నడిమిన తేలిపోయినట్టు పోయినాడు. మంద పోయినాక దుమ్ము మాత్రం గాల్లో నిలబడింది. అందులోంచి ఏదో మాడిన వాసన.

"ఆపు" అన్నాడు తాత.

"ఇంకా పది మైళ్లు కాలేదు తాతా."

"ఆపమంటి."

తాతే దిగినాడు. మోకాళ్లు పట్టుకొని, ఒక్కొక్క అడుగూ ఏసుకుంటా, జీపును ఆనుకొని పోయినాడు. ముందు చక్రం ముట్టుకున్నాడు. వెనకది ముట్టుకున్నాడు. బండి చుట్టూ తిరిగి ఆ పక్కకు పోయినాడు, మూడోది ముట్టుకున్నాడు. నాలుగో చక్రం, కుడిపక్క ముందరిది. దాని నడిమిన అరచెయ్యి పెట్టినాడు. పెట్టి, ఒక క్షణం అట్లే ఉంచినాడు.

తీసినప్పుడు వెనకాలే వచ్చిన ఓబులు చూసినాడు. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

"తాతా!"

"నువ్వు చూసినావు గదా అబ్బీ?"

"చూసినా తాతా."

"దేంతో చూసినావు?"

"కండ్లతో" అన్నాడు.

తాత డ్రమ్ములో చెంబు ముంచి చేతి మీద నీళ్లు పోసుకున్నాడు.

ఓబులు తల కొట్టుకున్నాడు. "కొత్తది తాతా! చప్పుడు లేదు, ఊగలేదు. పైకి చూస్తే అద్దం మాదిరి ఉండె. లోపల ఇంత కాలతా ఉంటే ఒక్క మాటన్నా చెప్పకుండా..."

అంతవరకు అని ఆగిపోయినాడు.

కొండల మీద గాలిమరలు తిరగతానే ఉండాయి. ఓబులు వాటి తట్టే చూస్తా నిలబడినాడు. తాత తుమ్మచెట్టు నీడకు పోయి కూర్చున్నాడు.

చక్రం చల్లారినాక జాకీ పెట్టినాడు ఓబులు. తాత నీడలోంచే చెప్తాడు, ఈయన చేస్తాడు. మూత కొట్టి తీసినాడు. మూతలో పైపైన ఇంత గ్రీజు పూసిండారు. పిన్ను లాగినాడు, నట్టు తిప్పినాడు, బేరింగు బైటికి తీసినాడు. లోపల ఒక్క చుక్క గ్రీజు లేదు. ఇనుము ఇనుమునే తిని నల్లగా మాడింది. ఇంకో పది మైళ్లు పోయింటే చక్రం ఊడి ఆ పొద్దుతిరుగుడు చేలో పడిండేది, బండి తిరగబడిండేది.

"లారీల కాలంలో సంచిలో రెండు బేరింగులు పెట్టుకోకుండా నేను గడప దాటిందే లేదు. మంచం కింద చూడు" అన్నాడు తాత.

మంచం కింద ఉండాయి. కొత్త బేరింగులు, గ్రీజు డబ్బా, కిరసనాయిలు సీసా. ఇన్ని ఎప్పుడు పెట్టినాడో ఓబులుకు తెలీదు.

"గ్రీజు అరచేతిలో పెట్టుకో. పుల్లతో పూయడం గాదు. బేరింగు అంచు అరచేతి మీద అదుము. మళ్లా అదుము. ఆ పక్క నుంచి బైటికి వచ్చేదాకా."

"వస్తాంది తాతా."

"ఒక పక్కనే వస్తాంది. తిప్పు. చుట్టూరా రావాల."

"ఎన్నిసార్లు అదమాల?"

"దాహం తీరేదాకా. నన్నడగతావేంది, దాన్ని అడుగు."

ఓబులు అదుముతా కూర్చున్నాడు. గ్రీజు మెత్తగా, నల్లగా, వేళ్ల సందుల్లోకి పోయింది. బేరింగులో చిన్న చిన్న ఉక్కు కడ్డీలు ఒక్కొక్కటే తడిసి, ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టినాయి. అరచేతిలో ఏదో బతికుండే దాన్ని పట్టుకున్నట్టు ఉంది ఆయనకు. మారెక్క చెయ్యి ఎప్పుడు పట్టుకుంటి అని జ్ఞాపకం తెచ్చుకోబోయినాడు. ఎంత వెనక్కు పోయినా గడపే వచ్చింది. ఈయన గడప కాడ నిలబడి చెప్పులేసుకుంటా ఎట్లుండావే అనడం, ఆమె పొయ్యి కాడి నుంచి తిరక్కుండానే బాగుండా అనడం.

కండ్లలోంచి నీళ్లు కారినాయి. చేతులకు గ్రీజు, తుడుచుకోలేదు.

చక్రం ఎక్కించినాక తాత అన్నాడు, "నట్టు బిగిస్తా చక్రం తిప్పు. బిగిసిందా? ఇప్పుడు రవ్వంత వదులు చెయ్యి. దానికి ఊపిరాడాల."

మిగతా మూడూ విప్పినాడు ఓబులు. అవి చల్లగానే ఉండాయి, విప్పమని తాత అనలేదు. అయినా విప్పి, అరచేతిలో అదిమి, మళ్లా ఎక్కించినాడు. పొద్దు వాలడం మొదలుపెట్టింది.

చేతులు కడుక్కుంటా ఉంటే ఫోను మోగింది. సుంకులమ్మ.

"ఎట్లుండావు తల్లీ?"

"బాగుండా నాయనా. తిన్నావా?"

సరే అని పెట్టేసేవాడే. పెట్టలేదు. చెవికి ఆనించుకొని ఊరికే ఉండాడు. వెనక ఏ చప్పుడూ లేదు.

"మిషను తిరగలేదేందమ్మా?"

"ఊరికే... పండుకున్నాలే నాయనా. బాగుండా. నువ్వు మాత్రం టయానికి తిను." పెట్టేసింది.

మళ్లా బయలుదేరినారు. కొంచెం దూరం పోయినాక రోడ్డు చీలింది. కుడిపక్క కొండమీది దర్గా. ఎడమపక్క చింతకుంట. ఓబులు జీపు నిలబెట్టినాడు. ఇంజను తిరగతానే ఉంది. తాత కండ్లు మూసుకొని ఉండాడు.

"తాతా."

"ఊ."

"గంధానికి పొద్దు మించతాంది."

"మించతాంది."

"ఈ పక్కకు పోతే అందుకోలేము. ఆడ జనమంతా నీ కోసమే చూస్తా ఉంటారు."

తాత కండ్లు తెరవలేదు. కమిలిన చెయ్యి ఒళ్లో పెట్టుకోని ఉండాడు.

"నేను పోకున్నా గంధం వాసనొస్తాది" అన్నాడు. "నీకు యాడికి పోవాలనుంటే ఆడికి తిప్పు."

ఓబులు ఎడమపక్కకు తిప్పినాడు.

చింతకుంటకు పోయేసరికి దీపాలు పెట్టే వేళ. సందు మొగదల జీపు ఆపి దిగినాడు. కాళ్లు ముందుకు పోలేదు. బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ ముట్టుకున్నాడు. నాలుగూ చల్లగా ఉండాయి. అప్పుడు ఇంటి తట్టు నడిచినాడు.

తలుపు చేరేసి ఉంది. తోసినాడు. మిషను మీద సగం కుట్టిన రవిక అట్లే ఉంది. సుంకులమ్మ మంచం మీద దుప్పటి కప్పుకొని పండుకోనుండె, చప్పుడుకు లేసి కూర్చుంది. కొంగు సర్దుకుంది. తండ్రిని చూసి మొకమంతా నవ్వు తెచ్చుకుంది, అచ్చం వాళ్లమ్మ నవ్వు.

"ఎప్పుడొస్తివి నాయనా? చెప్పకుండా వస్తివే! ఉండు, టీ పెడతా. నాకేం, బాగుండా."

ఓబులు గడప కాడ నిలబడలేదు. ఎట్లుండావని అడగలేదు. చెప్పులు ఇడిసి లోపలికి పోయి, ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా నల్లగా ఉండాది. ఆ అరచెయ్యి తీసి కూతురు నుదిటి మీద పెట్టినాడు.

పెట్టి, అట్లే ఉంచినాడు.

సుంకులమ్మ నవ్వు మెల్లగా ఆరిపోయింది. కండ్లు మూసుకుంది. తల బరువు మొత్తం ఆయన చేతిలోకి వదిలేసింది.

"నీ చెయ్యి ఎంత చల్లగుంది నాయనా" అంది.